వీరభద్రుడి రంగు

సంక్రాంతికి ఊరెళ్ళినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు సకినాలు, అరిసెలు మూటగట్టుకుని వస్తారు. నేను 2019 సంక్రాంతికి వెళ్ళి ఒక తప్పు చేసొచ్చాను. అది తప్పని తెలియడానికి రెండేళ్ళు పట్టింది. దాన్ని సరిదిద్దబోయి ఇంకో తప్పు చేశాను. ఈ టపా ఆ రెంటి గురించీ. మధ్యలో కొంచెం చరిత్ర కూడా వస్తుంది, ఓపిక చేసుకుని చదవండి.

మాది జమ్మికుంట. రైల్లో కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్ళినవాళ్ళకి స్టేషన్ పేరుగానైనా తెలిసే ఉంటుంది, లేదంటే పత్తి మార్కెట్టు పేరుతోనైనా. అమ్మమ్మ వాళ్ళ ఊరు అక్కణ్ణుంచి బండి మీద అరగంట. ఆ ఊళ్ళో చెరువు కట్ట కింద ఒక చిన్న రాతి గుడి ఉంది. అందులో వీరభద్రుడు. చేతిలో కత్తి, డాలు, పక్కన మేకతలతో చేతులు జోడించిన దక్షుడు. కాకతీయుల కాలం నాటిదని ఊళ్ళో అంటారు. శాసనమేమీ లేదు కాబట్టి నేనైతే "పాతది" అని మాత్రమే అంటాను.

నా చిన్నప్పుడు ఆ విగ్రహం తెల్లగా ఉండేది. ఏటా పండక్కి ముందు సున్నం కొట్టి అంచులకి జాజు పూసేవాళ్ళు. ఏళ్ళ తరబడి పొర మీద పొర పేరుకుని వీరభద్రుడి ముక్కు ఎక్కడో, మూతి ఎక్కడో తెలిసేది కాదు. తర్వాత ఎవరో మొక్కుకుని సున్నం మీదే ఆయిల్ పెయింట్ వేయించారు. నీలం రంగు ఒళ్ళు, గులాబీ రంగు పెదాలు. పిల్లలం చూసి నవ్వుకునేవాళ్ళం.

2019లో నేను ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయింది. జేబులో డబ్బులు, నోట్లో సలహాలు పుష్కలంగా ఉండే వయసు. ఊళ్ళో మా బావ (మేనమామ కొడుకు) యూత్ కమిటీలో ఉంటాడు. "బావా, లోపల మంచి నల్లరాయి శిల్పం ఉన్నది, ఈ రంగులన్నీ తీసేపిద్దాం, అసలు రూపం బయటపడ్తది" అని ఎక్కించింది నేనే. ఖర్చుకి ఐదు వేలు ఇచ్చిందీ నేనే. యాసిడ్ తెచ్చారు, గ్రైండర్‌కి ఇనుప బ్రష్ బిగించారు. రెండు రోజుల్లో శిల్పం మెరిసిపోయింది. చేతి గోళ్ళు, మెడలో పుర్రెల దండ, నడుం మీద పట్టీల్లోని పూసలు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించాయి. ముందు-తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టి ఫేస్‌బుక్‌లో ఎక్కించాను. రెండొందల పైచిలుకు లైకులు.

ఒక్క అమ్మమ్మ మాత్రం సంతోషపడలేదు. "గా సున్నం గీకుడేందిరా. అది దేవుని బట్టలసొంటిది. మీరు దేవుణ్ణి బరిబాతల నిలవెట్టిండ్రు" అంది. పెద్దావిడ చాదస్తం అనుకున్నాను.



2021లో, లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లో కూర్చుని ఏదో చదువుతూ పురాతన గ్రీకు శిల్పాల సంగతి దగ్గర ఆగిపోయాను. మనందరి బుర్రల్లో గ్రీకు విగ్రహం అంటే పాలరాయి తెలుపు. కానీ అవి చేసిన రోజుల్లో తెల్లగా లేవు. జుట్టుకి రంగు, పెదాలకి రంగు, బట్టల మీద బుటాలు, అంచులు. రంగులు వానకి, ఎండకి పోయాయి. కొన్ని మట్టిలో పోయాయి. మిగిలిన తెల్లరాయిని చూసి, 18వ శతాబ్దంలో వింకెల్‌మన్ లాంటి పండితులు "ఆహా, ఎంత స్వచ్ఛమైన సౌందర్యం" అన్నారు. యూరప్ మొత్తం దాన్నే నమ్మి, కొత్త శిల్పాలని కూడా తెల్లగానే చెక్కడం మొదలుపెట్టింది. అంటే పాతది పాడైపోయిన స్థితిని స్టాండర్డ్ చేసేశారన్నమాట. మన భాషలో చెప్పాలంటే బగ్‌ని చూసి స్పెసిఫికేషన్ రాసుకున్నారు.

ఆధారాలు లేక కాదు. 1886లో ఏథెన్స్ అక్రోపొలిస్ మీద తవ్వకాల్లో దొరికిన స్త్రీ విగ్రహాల మీద రంగులు కంటికి కనిపించేలాగే ఉన్నాయి. అయినా తెలుపు మీద మోజు పోలేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పార్థెనాన్ శిల్పాలకి 1937-38లో ఏం జరిగిందో చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. వాటికోసం కొత్త గ్యాలరీ కట్టిస్తున్న డువీన్ అనే కోటీశ్వరుడికి అవి ఇంకా తెల్లగా కనిపించాలి. పనివాళ్ళు రాగి పనిముట్లతో, గరుకు రాళ్ళతో పైపొరని గీకేశారు. బయటికి తెలిసి పెద్ద గొడవయింది.

రాగి పనిముట్లు. గరుకు రాయి. మా దగ్గర గ్రైండర్, ఇనుప బ్రష్, యాసిడ్. డువీన్‌కి, నాకు తేడా బ్యాంకు బ్యాలెన్సులో మాత్రమే ఉందని ఆ రాత్రి అర్థమయింది.



"అది గ్రీకుల సంగతి, మన విగ్రహాలు నల్లరాయివే కదా" అని మొదట నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ చదివేకొద్దీ ఆ ధైర్యం కూడా పోయింది.

మన శిల్పశాస్త్రాలు గుండ్రంగా అన్ని వైపులా చెక్కిన విగ్రహాన్ని "చిత్రం" అంటాయి. గోడకి అంటుకుని సగం బయటికొచ్చిన శిల్పం "అర్ధచిత్రం". మనం ఇప్పుడు బొమ్మ అని పిలిచే రంగుల చిత్రం వాటి లెక్కలో "చిత్రాభాసం", అంటే చిత్రంలా కనిపించేది. మూడూ ఒకే కుటుంబం. శిల్పి వేరు, చిత్రకారుడు వేరు, రాయి వేరు, రంగు వేరు అనే గీత మనం తర్వాత గీసుకున్నది.

ఎల్లోరా కైలాస దేవాలయం తీసుకోండి. 8వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు మొదటి కృష్ణుడి కాలంలో కొండని పైనుంచి కిందికి చెక్కుతూ దింపారు. ఇప్పుడు అది ముదురు రంగు రాతి కొండ. చెక్కినప్పుడు దానిమీద తెల్లటి గచ్చు పూత, దానిమీద రంగులు. ఆ పొరల ముక్కలు ఇప్పటికీ అక్కడక్కడా ఉన్నాయి. చుట్టుపక్కల జనం దాన్ని "రంగమహల్" అని పిలిచేవారు. పేరులోనే ఆధారం ఉంది, మనం వినలేదంతే. అజంతాలో గోడల మీది చిత్రాల గురించి అందరికీ తెలుసు. ఆ గుహల్లోని శిల్పాలకి కూడా గచ్చు, రంగు ఉండేవన్న సంగతి ఎంతమందికి తెలుసు? అక్కడి నీలం లాపిస్ లాజులీ రాయి నూరి చేసినది. ఆ రాయి అఫ్ఘనిస్తాన్ నుంచి రావాలి. ఒక్క రంగు కోసం అంత దూరం!

అన్నట్టు, ఈ ఎల్లోరా, అజంతా 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోవే. మా జమ్మికుంట ఏ సర్కారు కింద ఉండేదో అవీ ఆ సర్కారు కిందే ఉండేవి. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని దానికి అధిపతిని చేసింది. రాలిపోతున్న అజంతా చిత్రాలని కాపాడాలని 1920లో ఇటలీ నుంచి నిపుణులని పిలిపించారు. లొరెంజో చెక్కోనీ, ఆయన సహాయకుడు వచ్చి ఊడిపోతున్న పొరలని జాగ్రత్తగా అతికించారు. ఆ కాలానికి అది ప్రపంచంలోనే మేలైన పని. అయితే పైన రక్షణగా షెల్లాక్ అనే లక్క వార్నిష్ కూడా పూశారు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వార్నిష్ పచ్చబడి ముదిరింది, కింద ఉన్న నీలాలు, తెలుపులు మసకబారాయి. తర్వాత తరాల వాళ్ళకి ఆ పూతని తీయడమే ఒక పని అయింది. ఎవరి ఉద్దేశ్యమూ చెడ్డది కాదు, గమనించండి. ఖర్చుకి వెనకాడలేదు, నిపుణులని తెచ్చారు. అయినా వెనక్కి తీసుకోలేని పని ఒకటి జరిగిపోయింది.

నకలు తీసి పెట్టుకుందామన్నా అజంతాకి అదృష్టం తక్కువే. రాబర్ట్ గిల్ 1844 నుంచి ఏళ్ళ తరబడి గుహల్లో కూర్చుని వేసిన నకళ్ళు దాదాపు అన్నీ లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో 1866లో కాలిపోయాయి. మళ్ళీ 1872 నుంచి జాన్ గ్రిఫిత్స్, ఆయన విద్యార్థులు వేసినవాటిలో చాలా భాగం 1885లో లండన్‌లోనే ఇంకో అగ్నిప్రమాదంలో పోయాయి. యజ్దానీ కాలంలో సయ్యద్ అహ్మద్ లాంటి చిత్రకారులు వేసిన నకళ్ళు మాత్రం మనకి మిగిలాయి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఉంటాయి. లక్డీకాపూల్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడు ఓసారి పక్కకి తిరిగి లోపలికెళ్ళి చూడండి. బ్యాకప్ ఒకే చోట పెట్టకూడదన్న పాఠం మనకంటే ముందు నేర్చుకున్నది అజంతా.

మరి కాకతీయులు? ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. పిల్లలమర్రి గుళ్ళలో ఆ కాలపు వర్ణచిత్రాల ఆనవాళ్ళు మసగ్గా మిగిలి ఉన్నాయి. క్రీడాభిరామంలో ఓరుగల్లు మాచల్దేవి చిత్రశాల ప్రస్తావన ఉంది. అంటే రంగులు తెలిసినవాళ్ళు, రంగులంటే మోజున్నవాళ్ళు. కానీ 1213 నాటి రామప్ప గుడికి వెళ్ళి ఆ నల్లరాయి మదనికలని చూడండి, అద్దంలా ఉంటాయి. అంత నునుపు తేల్చింది మళ్ళీ సున్నం కింద దాచడానికా అంటే నాకు నమ్మబుద్ధి కాదు. అక్కడ రాతి మెరుపే రంగు. కాబట్టి "అన్ని విగ్రహాలకీ రంగులుండేవి" అని ఊదరగొట్టడం కూడా తప్పే. ఒక్కో రాయిని ఒక్కో కేసులా చూడాలి. నేను చూడకుండానే తీర్పు ఇచ్చేశాను, అదీ నా బాధ.



పోయిన రంగుని ఎలా కనుక్కుంటారు? నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

జర్మనీలో బ్రింక్‌మన్ దంపతులు ఈ పని మీద దశాబ్దాలు గడిపారు. 2003లో మ్యూనిక్‌లో వాళ్ళు పెట్టిన ప్రదర్శనలో రంగులు వేసిన నమూనాలని చూసి జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. శిల్పం మీద పక్కనుంచి, బాగా ఏటవాలుగా లైటు వేస్తే, రంగు ఉన్న చోట తక్కువ అరిగి, లేని చోట ఎక్కువ అరిగి, ఆ ఎత్తుపల్లాల్లో పోయిన డిజైన్ కనిపిస్తుంది. అల్ట్రావయొలెట్ లైటు కింద కొన్ని పదార్థాలు వేరుగా మెరుస్తాయి. ఎక్స్‌రే ఫ్లోరసెన్స్ పరికరం పెడితే అక్కడ పాదరసం ఉందా, సీసం ఉందా, రాగి ఉందా చెప్తుంది. పాదరసం కనిపిస్తే అది ఇంగిలీకపు ఎరుపు అయి ఉండొచ్చు.

ఇంకో ముచ్చట. ఈజిప్షియన్ బ్లూ అనే పాత నీలం రంగు మీద మామూలు వెలుతురు వేస్తే అది కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని వదులుతుంది. మామూలు డిజిటల్ కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్‌ని అడ్డుకునే ఫిల్టర్ పీకేసి, వేరే ఫిల్టర్ తగిలించి ఫొటో తీస్తే, నల్లటి తెర మీద చుక్కల్లాగా ఆ రంగు రేణువులు మెరుస్తాయి. జొవాన్ని వెర్రీ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతితోనే పార్థెనాన్ శిల్పాల మీద ఆ నీలం ఆనవాళ్ళు పట్టుకున్నాడు. 2023లో అచ్చయిన ఆయన బృందం పరిశోధనలో బట్టల మీద డిజైన్లు కూడా ఉన్నట్టు తేలింది. అన్ని కడుగుళ్ళు, గీకుళ్ళు అయ్యాక కూడా!

కానీ అన్ని శిల్పాలకీ ఆ అదృష్టం ఉండదు. చైనాలో 1974లో బావి తవ్వుతుంటే బయటపడిన మట్టి సైనికుల సంగతి తెలిసిందే. రెండు వేల ఏళ్ళకి పైగా మట్టిలో భద్రంగా ఉన్న రంగు, పైకి తీశాక గాలి తగిలి కింది లక్క పూత ఎండి ముడుచుకోవడంతో నిమిషాల్లో పెచ్చులూడిపోయేది. ఇప్పుడు ఆ పొర ఎండిపోకుండా రసాయనాలు పూసి గానీ ముట్టుకోరు. రంగుకి ప్రాణం ఉంటుంది. అది మనం అనుకున్నదానికంటే సున్నితం.



ఇవన్నీ చదివాక నేనేం చేశానంటే, కడగక ముందు తీసిన ఫొటోలన్నీ బయటికి తీశాను. ఫోన్లో పదకొండు ఉన్నాయి. వాటిలో మూడింట్లో, సున్నం పెచ్చు ఊడిన చోట లోపలి పొరలు కనిపిస్తున్నాయి.

డీ-స్ట్రెచ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. గుహల గోడల మీద మసకబారిన ఆదిమానవుల బొమ్మలని బయటికి తేవడానికి జాన్ హర్మన్ తయారుచేశాడు, ఇమేజ్-జె మీద ప్లగిన్. అసలు టెక్నిక్ ఉపగ్రహ ఫొటోల కోసం పుట్టింది. ఫొటోలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు ఒకదానితో ఒకటి బాగా ముడిపడి ఉంటాయి కదా. కోవేరియన్స్ మ్యాట్రిక్స్ లెక్కగట్టి, ఐగెన్ వెక్టర్ల దిశలోకి తిప్పి, ప్రతి దిశలోనూ తేడాని సాగదీసి, మళ్ళీ వెనక్కి తిప్పుతుంది. ఇంజనీరింగ్ మొదటేడు మ్యాథ్స్‌లో ఐగెన్ విలువలు ఎందుకు పనికొస్తాయో అని తిట్టుకున్నవాళ్ళందరూ ఒకసారి చెంపలేసుకోండి :)

ఫొటో అందులో వేస్తే, వీరభద్రుడి నడుం దగ్గర పెచ్చు ఊడిన చోట ఒక ఎరుపు మచ్చ భగ్గుమంది. మామూలు ఫొటోలో బూడిద రంగులా ఉన్నది అక్కడ స్పష్టమైన ఎరుపు. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

తెల్లారాక బుర్ర పనిచేసింది. ఆ ఎరుపు ఏ ఎరుపు? చెక్కిన నాటి ఎరుపా? వందేళ్ళ కిందటి జాజా? ఎవరో పూసిన సింధూరమా? ఫొటో "ఇక్కడ ఎరుపు ఉంది" అని చెప్తుంది, "ఎప్పటిది" అని చెప్పదు. దానికి పొరల క్రమం కావాలి, గోరంత ముక్క తీసి మైక్రోస్కోప్ కింద అడ్డంగా చూడాలి. ఆ పొరలని మేం యాసిడ్‌తో కాలవలో కలిపేశాం. పైగా అది ఫోన్ ఫొటో. జేపెగ్ అనేది వెలుగునీడలని జాగ్రత్తగా దాచుకుని రంగుల వివరాన్ని తగ్గించేస్తుంది, మన కన్ను పట్టుకోలేదు కాబట్టి. అంటే సరిగ్గా నాకు కావలసిన సమాచారాన్నే నా ఫోన్ అనవసరం అని పారేసింది.

అయినా ఊరుకోలేదు. కడిగిన తర్వాత తీసిన వీడియోలోంచి ఫ్రేములు లాగి, మెష్‌రూమ్‌లో త్రీడీ మోడల్ తయారుచేసి, బ్లెండర్‌లో రంగులు వేశాను. నడుం బట్టకి ఎరుపు, అది ఆధారం ఉన్నది. మిగతాదానికి చేర్యాల నకాషీ బొమ్మలని చూశాను. ఇంగిలీకపు ఎరుపు, నీలిమందు నీలం, దీపపు మసి నలుపు, మట్టి పసుపు. కళ్ళకి తెలుపు వేసి నల్లటి గుడ్డు దిద్దినప్పుడు ఒళ్ళు జలదరించింది. రాతిలో గుడ్డివాడిలా ఉన్న దేవుడు నన్ను చూశాడు! విగ్రహ ప్రతిష్ఠలో కళ్ళు తెరిపించడానికి నేత్రోన్మీలనం అని ప్రత్యేకంగా తంతు ఎందుకు పెట్టారో అప్పుడు తెలిసింది.

ఆ బొమ్మని ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. "మన వీరభద్రుడు 800 ఏళ్ళ కింద ఇలా ఉండేవాడు" అని కింద రాశాను. అదే నా రెండో తప్పు.



వారం తిరక్కుండానే బావ ఫోన్.

"బావా, గిది మస్తున్నది. కమిటీల అందరికి చూపెట్టిన. జాతరకు గిట్లనే రంగులేపిద్దామంటున్నరు. పెయింటర్ ఇరవై వేలు అడుగుతున్నడు."

నాకు గుండె ఆగినంత పనైంది. "వద్దు బావా, అది నేను వేసిన రంగు. నిజంగా అట్లనే ఉండెనని కాదు."

"నువ్వే గదా రాసినవ్, ఎనిమిది వందల ఏండ్ల కింద గిట్లనే ఉండె అని?"

ఏం చెప్పను? మోడల్ మీద ఆధారం ఉన్న చోటు ఎంతో నిజంగా లెక్కవేశాను. వందకి నాలుగు పాళ్ళు కూడా లేదు. ఆ నాలుగు పాళ్ళకి కూడా తేదీ లేదు. మిగతా తొంభై ఆరు పాళ్ళు నా అభిరుచి, చేర్యాల బొమ్మలు, బ్లెండర్ లైటింగ్. కానీ చూసేవాడికి నాలుగూ, తొంభై ఆరూ ఒకేలా మెరుస్తాయి. అదీ ఈ డిజిటల్ పునర్నిర్మాణాలతో వచ్చే చిక్కు. రాయి మీద పగులు కనిపిస్తుంది, తెర మీద అనుమానం కనిపించదు.

ఇదంతా విడమరిచి చెప్పాను. బావ డిగ్రీ మధ్యలో ఆపేసి పత్తి వ్యాపారంలోకి వెళ్ళినవాడు. అంతా విని ఒక్క మాట అన్నాడు.

"మంచిగనే ఉన్నది. నువ్వేసిన రంగు ఉత్తదంటున్నవ్. మరి గిప్పుడున్న నల్లది? అది ఎవలు జేసిండ్రు? మనమే గదా?"

నా దగ్గర జవాబు లేదు.

ఆలోచిస్తే ఆ ప్రశ్నలో చాలా ఉంది. బట్టరాయి కూడా ఒక ఊహే. "అసలు రూపం ఇదే" అని మనం చేసిన ఒక రీకన్‌స్ట్రక్షన్, బహుశా దాని జీవితంలో ఆ విగ్రహం ఎన్నడూ ఉండని స్థితి. 2001లో తాలిబన్లు పేల్చేసిన బామియాన్ బుద్ధ విగ్రహాల శకలాలని జర్మన్ శాస్త్రవేత్తలు పరిశీలిస్తే, వాటికి ఒకసారి కాదు, అనేకసార్లు రంగులు వేసినట్టు తేలింది. మధ్యయుగాల రచయితలు పెద్దదాన్ని ఎర్ర బుద్ధుడు, చిన్నదాన్ని తెల్ల బుద్ధుడు అని రాశారు. ఆ ఎరుపు మొదటి రంగు కాదు, తర్వాతి తరాలవాళ్ళు మార్చి వేసుకున్నది. మరి అందులో ఏది ఒరిజినల్? మొదటి పొరా? భక్తులు ఎక్కువ కాలం చూసిన పొరా?

మా అమ్మమ్మకి దేవుడు తెల్లటివాడు. ఆమె ఎనభై ఏళ్ళ జీవితంలో చూసిన వీరభద్రుడు సున్నపు వీరభద్రుడే. ఆ పొరలు "మురికి" కాదు, ఏటా ఒక పండగ, ఏటా ఒక పూత. మన భాషలో చెప్పాలంటే వెర్షన్ హిస్టరీ. నేను పాత వెర్షన్ చూడాలన్న ఆత్రంలో మధ్యలోని హిస్టరీ మొత్తం డిలీట్ కొట్టాను. తీరా పాత వెర్షన్ కూడా రాలేదు.



ఈ రంగంలో పనిచేసేవాళ్ళు ఈ చిక్కుని ఎప్పుడో గమనించారు. 2006లో లండన్ చార్టర్ అని ఒక ఒప్పందం రాసుకున్నారు. కంప్యూటర్‌తో పాతకాలాన్ని పునర్నిర్మించేవాళ్ళు ఏది ఆధారం, ఏది ఊహ, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారు అన్నీ రాసి పెట్టాలని దాని సారాంశం. అంటే కోడ్‌తోపాటు కామెంట్లు, కమిట్ మెసేజులు రాయమనడమే. మనం ఆఫీసులో రాయం, అది వేరే సంగతి. ఇప్పుడు ఏఐ వచ్చాక ఇది ఇంకా అవసరం. ఏ విగ్రహం ఫొటో ఇచ్చినా రెండు సెకన్లలో రంగులద్ది ఇస్తుంది, "నాకు తెలియదు" అని ఒక్క పిక్సెల్ కూడా ఖాళీగా వదలదు.

రంగుని రాయి మీద పూయకుండా చూపించే మార్గం కూడా ఉంది. ఫ్రాన్స్‌లో అమియెన్స్ చర్చి గోడల శిల్పాల మీద రాత్రిపూట రంగుల లైట్లు సరిగ్గా అచ్చుగుద్దినట్టు పడేలా ప్రొజెక్ట్ చేస్తారు. న్యూయార్క్ మెట్ మ్యూజియంలో 2016లో ఈజిప్టు గుడి గోడ మీద అలాగే చేశారు. స్విచ్ ఆపితే రాయి మళ్ళీ రాయే. తప్పని తేలితే ఫైలు మారుస్తాం, యాసిడ్ అక్కర్లేదు.

అందుకని బావతో ఒక ఒప్పందానికి వచ్చాను. పెయింటర్ వద్దు. ఆ ఇరవై వేలల్లో సగం నేను వేసుకుంటాను, జాతర రాత్రి అద్దెకి ఒక ప్రొజెక్టర్ పెడదాం. మూడు బొమ్మలు తయారుచేశాను. మొదటిది ఆధారం ఉన్న ఎర్ర మచ్చ ఒక్కటే, మిగతాదంతా రాయి. రెండోది నా ఊహాచిత్రం, దానిమీద "ఇది ఊహ" అని తెలుగులో పెద్ద అక్షరాలతో. మూడోది అమ్మమ్మ తెల్లటి వీరభద్రుడు, అంచులకి జాజుతో. మొదటి దానికి జనం ఆగలేదు. రెండోదానికి ఫోన్లు తీశారు. మూడోది పడ్డప్పుడు ముసలివాళ్ళు కొందరు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని చూసి, "ఇగో, గీయిన" అంది. అంతే. ఇంకేం అనలేదు.

మర్నాడు పొద్దున టార్చి పట్టుకుని విగ్రహం వెనక్కి వెళ్ళాను. వీపుకీ గోడకీ మధ్య జానెడు సందు. గ్రైండర్ పట్టని చోటు. పీఠం దగ్గర అరచేయంత మేర సున్నం అలాగే ఉంది, అంచున పొరలు పొరలుగా, ఉల్లిగడ్డ కోసినట్టు. వాటి మధ్యలో ఎక్కడో సన్నటి ఎర్ర గీత. బావని పిలిచి చూపించాను. ఈసారి ఎవర్నీ ఏమీ చెయ్యనివ్వొద్దని చెప్పాను. కడగొద్దు, పుయ్యొద్దు, ముట్టుకోవద్దు. తెలిసినవాళ్ళు ఎవరైనా ఒకరోజు సరైన పరికరాలతో వచ్చేదాకా ఆ అరచేయంత చోటే మా వీరభద్రుడి చరిత్ర మొత్తం.

మీ ఊళ్ళోనూ ఇలాంటి సున్నపు దేవుడో, ఆయిల్ పెయింట్ వేసిన వీరగల్లో ఉండే ఉంటుంది. రేపు ఎవరో "అసలు రూపం తెద్దాం" అని చందాకి మీకే ఫోన్ చేస్తారు, ఎందుకంటే ఊళ్ళో లెక్క ప్రకారం సాఫ్ట్‌వేర్ వాళ్ళకి డబ్బులెక్కువ. ఇచ్చే ముందు ఒకసారి వెళ్ళి నాలుగు వైపులా మంచి వెలుతురులో ఫొటోలు తీయండి. కుదిరితే రా ఫార్మాట్‌లో తీయండి, పెచ్చు ఊడిన చోట దగ్గర్నుంచి తీయండి, పక్కన ఒక తెల్లకాగితం పెట్టి తీయండి. రెండు మూడు చోట్ల దాచండి. కడగడానికి తొందరేం లేదు. ఆ పూత మోసుకుంటూ అన్నేళ్ళు నిలబడ్డవాడు ఇంకొన్నాళ్ళు నిలబడలేడా?